మూడవ కన్ను గల గుమాస్తా కావలెను

తెలుగునకు అధికార భాషా ప్రతిపత్తిని ప్రసాదించితిమని పశ్చిమ బెంగాలు మంత్రివర్గము ఈ వారము, అనగా 2020 డిసెంబరులో, సెలవిచ్చినది మొదలు, కళ్లద్దములు తుడుచుకొని, ఆ అధికార భాష ఖరగ్‌పూర్‌లోని మా తాల్‌బగీచాలో ఎచ్చట వెలసినదో వెదకుచున్నాను. సందు మొగల నామఫలకములు చూచితిని, ఒకానొక కార్యాలయమున దరఖాస్తు కాగితమును ముందువెనుకలు తిప్పి చూచితిని, కానరాలేదు. వారమైన కాలేదు, తొందరేల అందురా? బెంగాల్ నాగపూర్ రైల్వే కార్ఖానాలో సుత్తి పట్టుటకై శ్రీకాకుళ విజయనగర ప్రాంతములనుండి మా తాతలు వచ్చి శతాబ్దము దాటినది. ఇది తొందర యనిపించుకొనదు.

సాయంకాలము ఇల్లాలి ప్రక్కన కూర్చుండి, 2019లో బెంగాలీలో పుట్టి 2020లో తెలుగున పునర్జన్మ మెత్తిన ధారావాహిక ‘త్రినయని’ని చూచుచుండగా నాకు జ్ఞానోదయమైనది. లోపము భాషలో లేదు, నా కన్నులలో నున్నది, అవి రెండే. జరుగబోవు దానిని ముందే దర్శించు ఆ కథానాయిక నయని వంటి సాధ్వికి గాక, జరుగవలసియున్న ఈ అధికార భాష నావంటి పామరునకు గోచరించునా? పైగా, పౌర్ణమి నాడు రూపు మార్చు నాగినికివలె, ఈ భాషకును పడగ విప్పుటకొక తిథి కలదు: 2021లో శాసనసభ యెన్నికలు.

కావున ప్రతి కార్యాలయమునకును ఒక నయనిని గుమాస్తాగా నియమింపవలెనని నా మనవి. తెలుగు అర్జీ గడప దాటగానే ఆమె కన్నులు పెద్దవి చేయును. కిటికీ వెలుపల ఎండ కాయుచుండగనే లోపల పిడుగు పడును. ఒకే ముఖమును ముమ్మారు చూపుదురు. పెద్ద గుమాస్తా కుర్చీలో, ఆ కథలోని కుట్రల తిలోత్తమ కనుబొమ యెగురవేయును. ఆ బొమ మరల దిగునప్పటికి, 2013 వరకు ప్రపంచమున కెల్ల పొడవైనదని మనము చెప్పుకొనిన ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారము 1072 మీటర్లను మోకాళ్ల నొప్పులవాడు సైతము నడిచి రావచ్చును. అర్జీ యేమైనది? తరువాయి భాగము రేపు. రేపు దస్త్రమును ఎవరో మేడమెట్లపైనుండి త్రోసివేయుదురు. నలుబది భాగముల పిమ్మట అది వేరొక ముఖముతో, గతమును మరచి, వేరొక బల్లపై మేల్కొనును. నీ పేరేమని యడిగినచో ఇంగ్లీషులో బదులు చెప్పును.

నిన్న రాత్రి తెరపై పెద్ద అక్షరములతో పేరు పడగా, పదేండ్ల మనుమని నడిగితిని, ఏమి వ్రాసినారురా అని. ‘త్రినయని’ అని తడుముకొనకుండ చెప్పినాడు. పొంగిపోయి, క్రింద పడుచున్న నటుల పేర్లు కూడ చదువుమంటిని.

“చదవడం నాకెక్కడొచ్చు తాతా! పాట వింటే తెలిసిపోద్ది కదేటి!”

ఆపై ధారావాహికలో నేమి జరిగినదో నేనెరుగను. తిలోత్తమ కుట్రలన్నింటిని చెవులతో నేర్చిన పిల్లవానిచేత అ ఆలు దిద్దించినవారు లేరు. ఆ నేరమున నాకును పాలు కలదు. నిత్యము అరగంట సేపు తెరముందు కూర్చుండిన నేను, వానికొక పలక కొనియీయలేదు. కాని అయ్యా, పంతులు లేని భాషకు ప్రతిపత్తి యిచ్చుట కాళ్లు లేని దయ్యమునకు చెప్పులు కుట్టించుట గాదా? తెలుగున అర్జీ వ్రాసికొనుడనుచున్నారు. వ్రాయగలవానిని ఎవరు తయారు చేయుదురు? ఓట్ల జాబితాలో మమ్ము లెక్కించునపుడు మీకు రెండు కన్నులే చాలినవి. మా పిల్లల యెదుట నొక పంతులు లేడని చూచుటకు మాత్రము మూడవది కావలసివచ్చినదా?

ఆ ఉత్తరువు ప్రతి తెలుగున నున్నయెడల శీఘ్రముగ పంపుడు. మా యింట దానిని చదువగలవాడను నేనొక్కడనే. నాకు డెబ్బది రెండేండ్లు.