హంద్రీ ఒడ్డు పుల్లీ ఆత్మకథ

ఈ కథ చెబుతున్నది పోత ఇనుప పుల్లీ. కోడుమూరు దగ్గర, హంద్రీ నది ఒడ్డు చేలో బావి నీళ్లు తోడే ఆయిల్ ఇంజనుకు తగిలించినది. అడ్డకొలత 150 మిల్లీమీటర్లు, రెండు గాడులు, బి రకం బెల్టులు. నిమిషానికి 1500 చుట్లు తిరిగే ఇంజను మీద ఈ పుల్లీ అంచు సెకనుకు దాదాపు 12 మీటర్లు పరుగెత్తుతుంది.

బెల్టును పట్టుకునేది గాడి అడుగు కాదు, రెండు పక్కగోడలు. దుమ్మూ, వదులు బెల్టూ కలిసి ఈ పుల్లీ గోడలను ఏళ్ల తరబడి తినేశాయి. బెల్టు అడుగుకు తగిలింది, జారింది, వేరుశనగ చేనుకు నీళ్లు తగ్గాయి. రైతు దీన్ని ఊడదీసి, ఇంటి వెనక రేకుల కొట్టంలో చిన్న లేత్ పెట్టుకున్న కుర్రవాడికి ఇచ్చాడు.

ఆ లేత్‌కు ఉన్నది ప్రాగా చక్కు. 1943లో సికింద్రాబాద్‌లో మొదలైన ప్రాగా టూల్స్‌ది. చక్కులో లోపం లేదు. కుర్రవాడు పుల్లీ వెనక అంచును మూడు దవడల మధ్య పెట్టి, బలమంతా పెట్టి బిగించాడు. పలచటి అంచు మూడు చోట్ల లోపలికి నొక్కుకుపోయింది. అలా నొక్కుకున్న స్థితిలోనే ముందు గాడి గుండ్రంగా తెగింది. చక్కు వదలగానే ఆ మూడు చోట్లూ ఉబ్బి బయటికొచ్చాయి. డయల్ గేజి ముల్లు చుట్టుకు మూడుసార్లు లేచింది.

"గట్టిగానే పట్టినా కదా మామా!" అన్నాడు కుర్రవాడు, పక్కనే ఉండి చూస్తున్న మామతో.

"అంచును పట్టినావు అల్లుడా. బోరును పట్టల్ల."

ఈ పుల్లీ తన బతుకులో అంత మంచి మాట మరొకటి వినలేదు. ఇంజను దీన్ని మోసేది కూడా బోరుతోనే, అంటే నడిమి రంధ్రంతోనే మరి.

మామ ముందుగా చక్కులో ఉక్కు కడ్డీ బిగించి, అక్కడే బోరుకు సరిగ్గా సరిపోయేలా తరిగించాడు. పుల్లీ ఆనడానికి ఒక మెట్టు ఉంచాడు. తరిగాక కడ్డీని చక్కులోంచి కదిలించనియ్యలేదు. తీసి మళ్లీ పెడితే కేంద్రం తప్పుతుంది. బోరు 30 మిల్లీమీటర్లే, అంచు దానికి ఐదు రెట్లు. అంచు దగ్గర టూలు ఎంత తోస్తే, బోరు దగ్గర పట్టు అందుకు ఐదింతలు కావాలి. అది బిగింపు ఒక్కదానితో ఆగేది కాదు. అందుకే బోరులో ఉన్నట్టే కడ్డీలోనూ కీ గాడి తీసి కీ వేశాడు, ముందు వాషరూ నట్టూ బిగించాడు, కొసకు టెయిల్‌స్టాక్ సెంటరు ఆన్చాడు.

ఆ తర్వాత పని నిదానంగా సాగింది. హైస్పీడ్ స్టీలు టూలు, నిమిషానికి 20 మీటర్ల లెక్కన 42 చుట్లు. గాడి కోణం 34 డిగ్రీలు కాబట్టి పై స్లైడును ఒక్కో పక్కకు 17 డిగ్రీలు తిప్పాడు. నూనె వాడలేదు, పోత ఇనుము పొడిగానే, నల్లటి రజనుగా రాలింది. ఉబ్బులు పోయాయి, రెండు గాడులూ ఒకే లోతుకొచ్చాయి. గేజి ముల్లు దాదాపు నిలిచింది.

మరునాడు రైతు కొత్త బెల్టులు ఎక్కించాడు. గాడి అడుగుకూ బెల్టుకూ మధ్య సందు కనిపించింది. హ్యాండిల్ తిప్పగానే ఇంజను అందుకుంది. కాసేపటికి పైపులోంచి నీళ్లు కాలువలో దూకాయి.