పూలబండి

నేను తెలుగు పంతుల్ని. ప్రతి సెప్టెంబరు 5న మైకు దొరికితే చాలు, ఒకటే కథ. 1921లో సర్వేపల్లి రాధాకృష్ణన్ మైసూరు వదిలి కలకత్తా విశ్వవిద్యాలయానికి వెళ్తుంటే, శిష్యులు బండికి కట్టిన గుర్రాల్ని విప్పేసి, బండిని పూలతో అలంకరించి, స్టేషన్ దాకా తామే లాక్కెళ్లారు. అది చెప్పి పిల్లల మొహాల్లోకి చూసేవాణ్ణి. ఎందుకు చూసేవాణ్ణో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది.

పనిచేస్తున్న ఊళ్లో ఎనిమిదేళ్లు నిండాయి, బదిలీ వచ్చింది. వెళ్లేరోజు పొద్దున్నే అట్టపెట్టెతో బస్టాపులో వేపచెట్టు కింద నిలబడ్డాను. ఆరున్నర బస్సు వదిలేశాను. ఏడుంబావు బస్సూ వదిలేశాను. సీట్లు లేవని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. సగం ఖాళీగానే ఉంది.

అంతలో మోపెడ్ మీద ఒకడు దిగాడు. నాలుగేళ్ల కిందట టెన్త్. "గేదెలు కాయడానికి తప్ప ఎందుకూ పనికిరావురా" అని క్లాసులో అందరి ముందూ నేనన్నది వీణ్ణే. గొంతు సవరించుకున్నాను.

"ఊరికా సార్?" అన్నాడు. బదిలీ సంగతే తెలీదు వాడికి! ఎదురుగా పాలకేంద్రం తాళం తీయడానికొచ్చాడు. అక్కడ వెన్న శాతం చూసి చీటీ రాసేది వాడేనట.

"లెక్కల సారు పుణ్యం సార్. ఆదివారాలు ఇక్కడికి తీసుకొచ్చి శాతాలు చెప్పేవారు. చదువురాని ముసలమ్మల చీటీలు మాచేత చదివించేవారు. వెన్న ఏడొస్తే ఆరున్నర రాసి ఉండేది ఒక్కోసారి. వెళ్లి అడగరా అని నన్నే పంపేవారు. మొదటిసారి కాళ్లు వణికాయి. ఇప్పుడు నేను రాస్తుంటే ఆ ముసలమ్మలే వచ్చి తొంగి చూస్తారు."

లెక్కల మాస్టారు ఎన్నడూ మైకు పట్టుకోలేదు. పిల్లల్ని పాలక్యాన్ల వెంట తిప్పుతున్నాడని స్టాఫ్ రూములో వెటకారం చేసింది నేనే. నా పద్ధతి వేరు: శతకాలు బట్టీ, తప్పితే గోడకుర్చీ.

"నేను చెప్పిన నీతిపద్యాలు ఏమైనా గుర్తున్నాయా?" నోరూరుకోక అడిగాను.

"గోడకుర్చీ గుర్తుంది సార్" అని హాయిగా నవ్వాడు. కోపం లేదు, అదే కష్టంగా ఉంది.

ఎనిమిది గంటల బస్సొచ్చింది. పెట్టె వాడే ఎత్తి లోపల పెట్టాడు. "ఇంత బరువేంటి సార్, పుస్తకాలా?"

సన్మానాల్లో వచ్చిన షీల్డులు, శాలువాలు.

"అవున్రా" అన్నాను.