తోడు తెచ్చుకున్నవాడే పెద్దమనిషి

శనివారం రాత్రి జూబ్లీహిల్స్‌లోనో హైటెక్ సిటీలోనో ఏ క్లబ్బు ముందుకైనా వెళ్లి చూడండి. లోపల దంచుతున్న టెక్నో కన్నా గేటు దగ్గర నడిచే పెళ్లిచూపులే రక్తి కడతాయి. నల్ల టీషర్టు బౌన్సరు ముందు కాళ్లకున్నవి చెప్పులా బూట్లా చూస్తాడు, తర్వాత మొహం చూస్తాడు, ఆ తర్వాత పక్కన ఎవరున్నారో చూస్తాడు. ఎవరూ లేకపోతే, "స్టాగ్స్ నాట్ అలవుడ్ సర్." ఆ రాత్రికి దక్కే మర్యాదల్లా ఆ 'సర్' ఒక్కటే.

ఇదేం నియమమయ్యా అంటే జవాబు నాలుక చివరే ఉంటుంది: ఆడపిల్లల భద్రత. మగవాడి స్వభావాన్ని ఇంత సులువుగా తేల్చే పరికరం పోలీసుల దగ్గర కూడా లేదు. ఒక్కడే వస్తే అనుమానితుడు. ముగ్గురు కలిసొస్తే ముఠా. అదే మనిషి పక్కన ఒకమ్మాయి నిలబడిందా, అరక్షణంలో పెద్దమనిషి. ఆమె ఇష్టపడే వచ్చిందా, లోపలికెళ్లాక ఇతగాడి చెయ్యి ఎక్కడుంటుంది, ఇవేవీ గేటుకు పట్టవు.

అందుకే పార్కింగులో మరో కార్యక్రమం. ఇంజనీరింగ్ కుర్రాళ్లు క్యాబ్ దిగుతున్న అమ్మాయిల వెంటపడి, "అక్కా, ప్లీజ్ అక్కా, గేటు దాటేదాకా మాతో రండక్కా, తర్వాత మీ దారి మీది" అని బతిమాలతారు. అక్కా అని పిలిచిన నోటితోనే బౌన్సరుకు "కపుల్" అని చెప్పాలి. మన వావివరసలకు ఇంతటి కొత్త భాష్యం ఏ శాస్త్రకారుడికీ తట్టలేదు.

వారం మధ్యలో వచ్చే లేడీస్ నైట్లు మరీ ముచ్చట. అమ్మాయిలకు ప్రవేశం ఉచితం, మందు ఉచితం. ఏమి ఔదార్యమని మురిసిపోయే ముందు, ఆ గ్లాసు ఖరీదు ఎవరి బిల్లులో తేలుతుందో చూడండి. అంగడి ముందు వేలాడదీసిన అరటిగెల దగ్గర ఎవరూ అద్దె వసూలు చేయరు.

ఇంతకీ ఈ తతంగమంతా ఏ సంగీతం పేరున? 1977లో షికాగోలో తెరుచుకున్న 'వేర్‌హౌస్' క్లబ్బులో ఫ్రాంకీ నకిల్స్ రికార్డులు తిప్పుతుంటే ఆడినవాళ్లలో ఎక్కువమంది నల్లజాతి, లాటినో కుర్రాళ్లు, అందులోనూ స్వలింగప్రియులు. వేరే చోట్ల గుమ్మం తొక్కనివ్వకపోతే ఇక్కడ చేరినవాళ్లు. హౌస్ సంగీతం పుట్టిల్లు అదే. మన జంట నియమం అక్కడ పెట్టి ఉంటే, వచ్చినవాళ్లను వచ్చినట్టే "స్టాగ్స్" అని వెనక్కి పంపేవారు. ఆ సంగీతం పార్కింగు దాటేది కాదు.

అదే ఏడాది డిసెంబరు 31న న్యూయార్కు స్టూడియో 54 క్లబ్బు దగ్గర సంగీతకారులు నైల్ రోడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్‌లను ఆపేశారు, గాయని గ్రేస్ జోన్స్ స్వయంగా పిలిచిందన్నా వినలేదు. ఆ మంటతో ఇంటికెళ్లి కట్టిన పాట 'లె ఫ్రీక్'. 1978 ముగిసేలోపే అమెరికాలో మొదటి స్థానంలో కూర్చుంది. మన కుర్రాళ్లకు అంత కోపం రాదు. ఎదుటి వీధిలో బిర్యానీ తిని పోతారు.

బెర్లిన్ బెర్ఘైన్ క్లబ్బు ఇంతకన్నా నిర్దయ అనొచ్చు. నిజమే, గేటు దగ్గర స్వెన్ మార్క్వార్ట్ తల అడ్డంగా ఊపితే కారణం కూడా దక్కదు. కానీ ఆడపిల్లల్ని కాపాడుతున్నానని ఆయన ఉపన్యాసమివ్వడు. లోపలికి వెళ్లేవాళ్ల ఫోన్ కెమెరాల మీద స్టిక్కరు అంటించి పంపుతారు. ఎవరి ఒంటి మీదా ఎవరి కెమెరా వాలదు. మన దగ్గర నిమిషానికి 128 దెబ్బల చొప్పున డ్రమ్ము మోగుతుంటే కాళ్ల కన్నా ముందు ఫోన్లే లేస్తాయి.

ఇక ఆడేందుకున్న కాస్త జాగానూ టేబుళ్లు మింగేస్తాయి. వేలకు వేలు పోసి టేబుల్ కొన్నవాడికి సీసా మూతకు చిచ్చుబుడ్డి గుచ్చి, వెలిగించి, నలుగురు సిబ్బంది ఊరేగింపుగా తెస్తారు. ఆ వెలుగులో ఆయన చెయ్యి పక్కనే ఆడుకుంటున్న అమ్మాయి నడుం మీదికి పోతుంది. ఆమె వెళ్లి బౌన్సరుకు చెబుతుంది. బౌన్సరు టేబుల్ వైపు చూస్తాడు, సీసా వైపు చూస్తాడు, గొంతు తగ్గిస్తాడు.

"ఆ సార్ కపుల్ ఎంట్రీలోనే వచ్చారు మేడమ్."