అంతస్తులు వాళ్లకి, ప్రయోజనం మనకట!

హైదరాబాద్ కోకాపేట వైపు కొత్త టవర్ వస్తోందంటే పునాది కంటే ముందు బ్రోషర్ లేస్తుంది. మొదటి పేజీలోనే పెద్ద అక్షరాలు: ‘ఎనభై శాతం ఖాళీ స్థలం’. నలభై అంతస్తులు లాభం కోసం కడుతున్నారని మనలాంటి అల్పులు అనుకుంటారు. కాదట! నేలను చెట్లకీ పిల్లలకీ వదిలేద్దామన్న జాలితో బిల్డర్‌గారు ఆకాశంలోకి వలస పోతున్నారట.

ఆ ఖాళీ స్థలం చూద్దామని గేటు దాకా వెళ్లండి. ‘ఏ ఫ్లాట్ సార్?’ అని సెక్యూరిటీ అడుగుతాడు. ఫ్లాట్ నంబర్ లేనివాడు ప్రజల్లో లెక్క కాదు. అతనికి దక్కేది గేటు బయట ట్రాఫిక్, ఎండాకాలంలో నీళ్ల ట్యాంకర్ల బారు.

రూల్స్ లేవా అంటే, ఉన్నాయి. 2012 నాటి జీవో 168 ప్రకారం హైరైజ్ కట్టే స్థలంలో కనీసం పది శాతం పచ్చదనానికీ, పిల్లల ఆటలకీ వదలాలి. దాని వెడల్పు మాత్రం మూడు మీటర్లుంటే చాలు. అంటే రెండు కార్లు పక్కపక్కన పట్టని సందు. అందులో ఓ జారుడుబల్ల, ఓ ఉయ్యాల, ఆ పక్కనే జనరేటర్. ఊగే పిల్లాడి కాళ్లు ప్రహరీకి తగలకపోతే అది పార్కే.

ఇలాంటి ఖాళీ జాగా కోసమే న్యూయార్క్‌వాళ్లు 1961లో బిల్డర్లతో ఓ బేరం పెట్టారు: కింద జనం కూర్చునే జాగా ఇవ్వు, పైన అదనపు అంతస్తులు తీసుకో. అక్కడి బిల్డర్లూ తక్కువ తినలేదు. 2000 నాటికి లెక్క తీస్తే అలాంటి జాగాలు 503 తేలాయి, వాటిలో ఐదింట రెండు వంతులు పెద్దగా ఎందుకూ కొరగానివి. అయినా అక్కడ ఎగ్గొట్టడానికైనా ఓ ఒప్పందం ఉంది.

మనవాళ్లు ఆ శ్రమ కూడా మిగల్చలేదు. 2006లో జీవో 86తో హైదరాబాద్‌లో ఎఫ్ఎస్ఐ పరిమితి, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న హద్దు, ఎత్తేశారు. ముందున్న రోడ్డు వెడల్పు, చుట్టూ వదలాల్సిన జాగా సరిపోతే చాలు, ఎంతైనా లేపుకోవచ్చన్నారు. ముంబైలో పరిమితి దాటాలంటే ప్రీమియం కట్టాలి, లేదా టీడీఆర్ (బదలాయించుకునే నిర్మాణ హక్కు) తేవాలి. మనం మాత్రం వంకాయలు కొన్నవాడికి కరివేపాకు వేసినట్టు ఆకాశాన్ని కొసరు వేశాం. చేతిలో సరుకంతా ఇచ్చేశాక ఇక బేరమెక్కడిది?

సర్కారు ఏమీ అమ్ముకోలేదంటే పాపం తగులుతుంది. 2023 ఆగస్టులో కోకాపేట నియోపోలిస్ వేలంలో ఎకరం గరిష్ఠంగా రూ.100.75 కోట్లు పలికింది. అంత పోసి కొన్నవాడు అందులో రెండంతస్తుల లైబ్రరీ కడతాడా? భూమి ఎంత ప్రియమైతే మేడ అంత ఎత్తు. ఆ ఎత్తు ఎక్కువైందో లేదో తూచాల్సిందీ సర్కారే, స్థలం అమ్ముకుని సంబరపడ్డదీ సర్కారే. ముల్లు ఎటు మొగ్గుతుందో చెప్పడానికి జ్యోతిష్యుడు అక్కర్లేదు.

‘ఎత్తు కట్టినందుకు ఊరి వసతుల కోసం ఇంపాక్ట్ ఫీజు కడుతున్నాం కదా’ అంటారు బిల్డర్లు. సంతోషం. అయితే ప్రతి టవర్ గేటు మీదా ఓ బోర్డు పెట్టించండి. ఒక గడిలో ఎన్ని అంతస్తులు కట్టారో, రెండో గడిలో దానికి బదులు ఊరికి ఏమొచ్చిందో రాయాలి: ఏ వీధికి మురుగు కాలువ, ఏ బస్టాప్‌కి నీడ, ఏ బస్తీకి పార్కు. రెండో గడి నిండేదాకా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఆపి చూడండి. ఇన్నేళ్లుగా పుట్టని ప్రజాప్రయోజనం నెల తిరక్కుండా కెవ్వుమంటుంది.