దమ్మిడీ ఖర్చులేని ఆరోగ్యం

కొడవలూరులో మా పెదనాయన ఆరోగ్యానికి దమ్మిడీ ఖర్చు లేదు. టీ అంగడి దగ్గర కూర్చున్న ప్రతివాడికీ ఆయనే చెబుతాడు. తెల్లారగానే రాగిచెంబులో నీళ్లు, నూనె పుక్కిలింత, జామాకు కషాయం, నడక. మధ్యాహ్నం కొర్రన్నం, సాయంత్రం మొలకలు. "ఏందబ్బా, దీనికి డబ్బులెందుకు?" అంటాడు.

లెక్క నిజమే. అందులో మా పెద్దమ్మ లేదు, అంతే.

రాగిచెంబు ఊరికే మెరవదు. చింతపండు, ఉప్పు పట్టించి రోజూ తోమేది ఆమె. నూనె ఉమ్మిన తూము దగ్గర జిడ్డు కడిగేది ఆమె. కొర్రలు గంటల తరబడి నానాలని చిరుధాన్యాల ఖాదర్ వలీ గారు చెప్పారు. పడుకోబోయే ముందు గుర్తుపెట్టుకుని నానబోసేది ఎవరో మాత్రం ఇంట్లోనే తేలాలి. తేలింది కూడా.

ఇది ఇప్పటి ముచ్చట కాదు. ప్రకృతివైద్యం చెప్పే మంతెన సత్యనారాయణరాజు గారి మాట విని పెదనాయన ఉప్పు మానేసినప్పుడు ఇంట్లో రెండు కూరలు మొదలయ్యాయి: ఉప్పున్నదొకటి, లేనిదొకటి. 2018 ప్రాంతంలో వీరమాచనేని రామకృష్ణ గారి డైటు పుణ్యమా అని, మొలగొలుకుల బియ్యానికి పేరుపడ్డ నెల్లూరు సీమలో ఉంటూ అన్నమే వదిలేశాడు. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరమనేసరికి మళ్లీ పొయ్యి మారింది. మానేసిందల్లా ఆయన, అదనంగా వండిందల్లా ఆమె. ఆ పెద్దలను తప్పుపట్టను. విన్న మగవాళ్లలో గిన్నె ముట్టుకున్నవాడు ఎవడని నా ప్రశ్న.

2024లో కేంద్రం చేయించిన కాలవినియోగ సర్వే ప్రకారం, జీతంలేని ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు దానికే ఖర్చుపెడుతున్నారు. చేసే కొద్దిమంది మగవాళ్లు 88. నిమిషానికి రూపాయి చొప్పున కట్టినా మా పెదనాయన ఉచిత ఆరోగ్యం నెల్లూరు కార్పొరేట్ ఆసుపత్రి ప్యాకేజీని దాటుతుంది.

చెంబు మీరే తోముకోండి, చేతులకు వ్యాయామం అన్నాను. మోచేయి నొప్పట. నొప్పికి వావిలాకు కాపడం పెట్టాలట. ఆకు కోసుకురావడానికి పెద్దమ్మ అప్పటికే గట్టుమీదికి వెళ్లింది.

ఆమె నడుంనొప్పి సంగతి ఎత్తితే ఆయనే ఒక చిట్కా చెప్పాడు. పైసా ఖర్చులేనిదే. రోజూ అరగంట కదలకుండా కూర్చోవాలట. కూర్చుని మొలకల గుడ్డ తడుపుతూ ఉండొచ్చట.