తొక్కడం ఆగిన తరువాత: ఒక శ్వాస పరీక్షా యంత్రం ఆత్మకథ

తన కథను తానే చెప్పుకుంటున్న ఈ యంత్రం వ్యాయామ సైకిలు పక్కన నిలిచి, రోగి ముఖానికి బిగించిన మాస్కు ద్వారా ప్రతి శ్వాసలోనూ శరీరం ఎంత ఆక్సిజన్ తీసుకున్నదో, ఎంత కార్బన్ డయాక్సైడ్ విడిచిందో కొలవడానికి పుట్టింది. దీని వంశానికి మూలం 1911లో ఇంగ్లండులో డగ్లస్ వివరించిన శ్వాస సంచి. అటువంటి సంచులతోనే ఏ.వి. హిల్, లప్టన్ అనే శాస్త్రజ్ఞులు, పరుగు ఆగిన తరువాత కూడా శరీరం కొంతసేపు విశ్రాంతి స్థాయికి మించి ఆక్సిజన్ తీసుకుంటుందని కొలిచి, 1923లో ప్రచురించిన రచనలో దానిని ‘ఆక్సిజన్ అప్పు’గా వివరించారు.

ఇంతటి వంశంలో పుట్టినా, తొక్కడం ఆగగానే మాస్కు తీసివేయడం వల్ల ఈ యంత్రం ఆ అప్పు తీరే తీరును చాలాకాలం చూడలేకపోయింది. 1991లో అమెరికాలో మన్సినీ బృందం గుండె మార్పిడి నిర్ణయానికి కిలో బరువుకు నిమిషానికి 14 మిల్లీలీటర్ల ఆక్సిజన్‌ను హద్దుగా సూచించిన నాటినుంచి వైద్యుల దృష్టి ఆక్సిజన్ వాడకపు శిఖర స్థాయి మీదనే నిలిచింది. ఆ అంకె విలువైనదే గాని, రోగి ఇంటి మెట్లెక్కి ఎంతసేపు ఆయాసపడతాడో అది చెప్పదు.

మాస్కు మరికొన్ని నిమిషాలు ఉంచినప్పుడు తేడా స్పష్టమవుతుంది. ఆరోగ్యవంతునిలో ఆక్సిజన్ వాడకం వెంటనే వేగంగా తగ్గుతుంది. గుండె వైఫల్యంలో, అంటే గుండె ఆగకపోయినా శరీర అవసరానికి తగినంత రక్తాన్ని పంపలేని స్థితిలో, ఆ వాడకం కొందరిలో కొంతసేపు తగ్గకుండా నిలిచి, తరువాత నెమ్మదిగా దిగుతుంది. వ్యాయామంలో కండరం ఫాస్ఫోక్రియేటిన్ అనే తక్షణ శక్తి నిల్వను ఖర్చు చేస్తుంది; దానిని తిరిగి నింపడానికి ఆక్సిజన్ కావాలి, కాని ఈ రోగులలో రక్తప్రవాహం చాలకపోవడమే కాక, కణాలలో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియాల సామర్థ్యం కూడా తగ్గి ఉంటుంది. కాబట్టి ఈ ఆలస్యానికి గుండెను మాత్రమే కారణంగా చూపడం సరికాదు.

నాడి వేగం తగ్గుదల మరొక సూచన. వ్యాయామం ఆగగానే గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరం తిరిగి పట్టు సాధించాలి. గుండె వైఫల్యంలో ఆ పట్టు సడలి ఉంటుంది. 1999లో వెలువడిన అమెరికా అధ్యయనం మొదటి నిమిషంలో తగ్గుదల 12 స్పందనలు లేదా అంతకన్నా తక్కువైతే మరణ ప్రమాదం ఎక్కువని చూపింది. అయితే అందులో గుండె వైఫల్య రోగులను చేర్చలేదు. పైగా బీటా బ్లాకర్ మందులు నాడి వేగాన్ని మార్చుతాయి గనుక, ఆ అంకెను ఈ రోగులకు యథాతథంగా అన్వయించరాదు.

ఒకప్పుడు ఇటువంటి రోగులకు మంచం పట్టి ఉండమనే సలహా ఇచ్చేవారు. 1993లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు క్రమమైన శిక్షణ తరువాత వారి కండరాలలో ఫాస్ఫోక్రియేటిన్ మునుపటికన్నా త్వరగా నిండుతున్నదని చూపారు; 2009లో 2331 మందిపై వెలువడిన హెచ్ఎఫ్-యాక్షన్ అధ్యయనం స్థిమితంగా ఉన్న రోగులకు పర్యవేక్షణలో మొదలయ్యే వ్యాయామం సురక్షితమని తేల్చింది. ఈ యంత్రం పక్కన ఇప్పుడు వైద్యుడు రోగిని భారం లేకుండా మెల్లగా తొక్కనిచ్చి, మాస్కును అలాగే ఉంచి, ఆక్సిజన్ వాడకం సగానికి దిగే వ్యవధిని శిఖర స్థాయి పక్కన నమోదు చేసుకుంటున్నాడు.