నీలి అద్దాల వెనక తెలుగు శాఖ

ఆర్ట్స్ చదివితే ఉద్యోగం రాదని మన పెద్దలు ఎప్పుడో తేల్చేశారు. అందుకని ఆర్ట్స్ బ్లాకుకి కనీసం ఎలివేషన్ అయినా రావాలని ఇప్పుడు నడుం కట్టారు. విశ్వవిద్యాలయాల నాణ్యత తేల్చే నాక్ బృందం వస్తోందన్న కబురు అందగానే టెండరు పిలిచేది కారుతున్న శ్లాబుకి కాదు, ముందు గోడకి. లైబ్రరీలో పుస్తకాలు కొనడానికి నిధుల్లేవు గానీ, లైబ్రరీ నుదుటికి నీలి అద్దాలూ వెండి రంగు ఏసీపీ (అల్యూమినియం కాంపోజిట్ ప్యానెల్) షీట్లూ వచ్చి చేరతాయి. బృందం కారు దిగేది ముందువైపే కదా!

మొదట త్రీడీ బొమ్మ వస్తుంది. దాన్ని ఫ్రేము కట్టించి వీసీ గారి గదిలో తగిలిస్తారు. ఆ బొమ్మలోని ఊరు ఎక్కడుందో నాకు ఇంతవరకు అంతుపట్టలేదు. అక్కడ ఎప్పుడూ సాయంత్రం ఆరు గంటలే. ఎండ ఉండదు, వెలుతురు మాత్రం ఉంటుంది. విద్యార్థులు మెడకి మఫ్లర్లు చుట్టుకుని నవ్వుతూ నడుస్తుంటారు. ఒక్కడైనా స్కాలర్‌షిప్పు ఎప్పుడు పడుతుందని అడగడానికి వచ్చినవాడిలా ఉండడు. వేపా కానుగా కనపడవు, అన్నీ మంచుదేశపు చెట్లే. పావురం లేదు, పావురం రెట్ట లేదు, ఏసీ బయటి డబ్బా లేదు, గోడమీద నీటి చార లేదు. ధర్నా అసలే లేదు.

ఈ అద్దానికి ఒక తత్త్వం కూడా జోడిస్తారు. పారదర్శకత అట! సమాజానికీ విశ్వవిద్యాలయానికీ మధ్య గోడలుండకూడదట, జ్ఞానం నలుగురికీ కనపడాలట. వినడానికి కమ్మగానే ఉంది. కానీ మనవాళ్ళు బిగించేది రిఫ్లెక్టివ్ గ్లాసు. వెలుతురు ఎటువైపు ఎక్కువుంటే అటువైపు ముఖం చూసుకునే అద్దంగా మారడం దాని స్వభావం. పగలంతా బయటివాడికి తన మొహమూ, వెనకనున్న క్యాంటీనూ కనపడతాయి. లోపలిది కనపడాలంటే చీకటి పడాలి, లోపల లైట్లు వెలగాలి. ఆ వేళకి అక్కడ వాచ్‌మన్ తప్ప ఇంకెవరూ ఉండరు. అంటే సమాజం రోజూ రాత్రి ఎనిమిదింటికి వచ్చి, ఖాళీ బెంచీలను పారదర్శకంగా దర్శించుకుని వెళ్ళాలన్నమాట.

ఇక లోపలివాళ్ళ గతి. పడమటి గోడంతా అద్దమే అయిన గదిలో, ఏప్రిల్ మధ్యాహ్నం రెండున్నరకి ప్రబంధ సాహిత్యం క్లాసు. ఎండ అద్దంలోంచి దర్జాగా లోపలికొచ్చి నేలనీ బెంచీలనీ కాలుస్తుంది. ఆ వేడి తిరిగి బయటికి పోదామంటే అద్దం దారివ్వదు. చలిదేశాలవాళ్ళు టమాటాలు పండించుకోవడానికి గాజు ఇళ్ళు కట్టుకున్నది ఈ సూత్రంతోనే. మనం వాటిలో ఎం.ఏ. విద్యార్థులను పండిస్తున్నాం. కిటికీ తెరుద్దామంటే రాదు, తెరుచుకునే కిటికీ ఉంటే ఎలివేషన్ అందం చెడుతుందట. ఏసీ ఉంది గానీ దాని కరెంటు బిల్లుకి పద్దు లేదు. చివరికి అటెండరు పాత దినపత్రికలు తెచ్చి, మైదాపిండి జిగురుతో అద్దాలకి లోపల్నుంచి అంటిస్తాడు. గది చీకటవుతుంది, ట్యూబులైట్లు వేస్తారు, పాఠం సాగుతుంది. ఆ భవనం మొత్తంలో ఇక్కడి ఎండని లెక్కలోకి తీసుకుని డిజైను చేసింది ఆ అటెండరొక్కడే.

నియమాలు లేక కాదు ఈ తిప్పలు. కేంద్రం 2017లో సవరించిన ఈసీబీసీ (ఇంధన పొదుపు భవన నియమావళి) మామూలు పద్ధతిలో లెక్క చూపే భవనాల గోడల్లో అద్దం వాటా 40 శాతం మించకూడదంది. మించాలనుకుంటే భవనం మొత్తం ఎంత కరెంటు తాగుతుందో లెక్కగట్టి చూపాలంది. త్రీడీ బొమ్మ మాత్రం కరెంటు తాగదు.

అద్దం లేనిచోట ఏసీపీ. అదొక బొబ్బట్టు. పైనా కిందా అర మిల్లీమీటరుకి మించని అల్యూమినియం పొరలు, మధ్యలో పూర్ణంగా పాలిథిలిన్, అంతా కలిపి మూడు నాలుగు మిల్లీమీటర్లు. ఆ పూర్ణం మండుతుంది. లండన్‌లోని 24 అంతస్తుల గ్రెన్‌ఫెల్ టవరుకి 2016లో ముగిసిన మరమ్మతుల్లో ఇలాంటి షీట్లే తొడిగారు. వాటితో చుట్టుపక్కలవారికి భవనం చూడముచ్చటగా ఉంటుందన్నది అప్పుడు చెప్పుకున్న లాభాల్లో ఒకటి. 2017 జూన్ 14న నాలుగో అంతస్తు వంటగదిలో పుట్టిన మంట ఆ షీట్లు పట్టుకుని పైకి పాకింది. 72 మంది చనిపోయారు. ఖనిజాలు కలిపిన, అంత తేలిగ్గా అంటుకోని రకం కూడా బజార్లో దొరుకుతుంది. దాని ధర ఎక్కువ. మన టెండరు దక్కేది తక్కువ కోట్ చేసినవాడికి.

ఈ షీట్లలో గ్రానైట్ డిజైనువీ వస్తున్నాయి! ప్రకాశం జిల్లా చీమకుర్తి క్వారీల్లోంచి తవ్విన గెలాక్సీ గ్రానైట్, నల్లని రాతిలో బంగారు చుక్కలున్నది, ఓడలెక్కి ప్రపంచమంతా పోతోంది. కరీంనగర్ టాన్ బ్రౌన్‌దీ అదే దారి. అసలు రాయిని విదేశాలకి పంపి, రాతి బొమ్మ అచ్చేసిన ప్లాస్టిక్కుని మన గోడలకి తొడుక్కుంటున్నాం. మరీ మోజు పుడితే గేటు దగ్గర ఫైబర్ కమాను నిలబెట్టి, దానికి రాయిలా కనపడే పెయింటు కొట్టి, హెరిటేజ్ టచ్ అంటారు.

ఆ టచ్ ఎవరిదో చెప్పనక్కర్లేదు. 1934లో శంకుస్థాపన జరిగి, 1939 డిసెంబరు 4న నిజాం చేతుల మీదుగా తెరుచుకున్న ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ఇక్కడి గులాబీ రంగు గ్రానైటుతో కట్టిందే. గీసినవాడు బెల్జియం దేశస్థుడు ఎర్నెస్ట్ జాస్పర్, అంతకుముందు కైరోలో పనిచేసినవాడు. చలిదేశంలో పుట్టినా ఎండంటే ఏమిటో ఎరిగినవాడు. గుడి స్తంభాల పోలికలనీ మసీదు కమానుల పోలికలనీ ఒకే గోడలో ఇమిడ్చాడు. మందపాటి రాతి గోడలూ లోపలికి జరిగిన కిటికీలూ పెట్టాడు. ఆ రాయి పగటి వేడిని గబుక్కున లోపలికి వదలదు. ఆ మెట్ల మీద ఎన్ని ఉద్యమాలు మొదలయ్యాయో, ఆ ముఖం ముందు ఎన్ని సినిమాలు తీశారో! ఆ రాతికి ఎవరూ షీట్లు తొడగనక్కర్లేకపోయింది.

"నిజాం ఖజానా మాకెక్కడిది?" అంటారు. న్యాయమైన ప్రశ్నే. ఆ భవనాన్ని మళ్ళీ కట్టమని ఎవరూ అడగడం లేదు. వరండాకి ఖజానా అక్కర్లేదు. సన్‌షేడుకీ, జాలీ గోడకీ, తెరుచుకునే కిటికీకీ అసలే అక్కర్లేదు. ఉత్తరం వైపు, నీడలో, మంచి రకం అద్దం పెడితే నాకూ అభ్యంతరం లేదు.

"విదేశాల్లో అన్నీ అద్దాలే కదా" అన్నది ఆఖరి అస్త్రం. కేంబ్రిడ్జిలో జేమ్స్ స్టిర్లింగ్ 1968లో ముగించిన చరిత్ర శాఖ భవనం గాజు కప్పుకి పేరుపొందింది. వేసవిలో ఉడికించింది, శీతాకాలంలో వణికించింది, వానొస్తే కారింది, గోడల టైల్స్ రాల్చింది. 1980ల్లో విశ్వవిద్యాలయం దాన్ని కూల్చేద్దామా అని కూడా ఆలోచించింది. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పీటర్ ఐసెన్‌మన్ గీసిన వెక్స్‌నర్ కళాకేంద్రం 1989లో తెరుచుకుంది. గాజులోంచి పడే ఎండకి బొమ్మలు పాడవుతాయని తేలి, ఒకటిన్నర కోటి డాలర్లకు పైగా పోసి బాగుచేసుకున్నారు. వాళ్ళకి కనీసం బాగుచేసుకునే డబ్బుంది. మనకి మైదాపిండి ఉంది.

అందుకే టెండరు కాగితంలో ఒక్క షరతు చేర్చమని నా మనవి. డిజైనర్, కాంట్రాక్టర్, బిల్డింగ్ కమిటీ సభ్యులు కలిసి మే నెలలో ఒక మధ్యాహ్నం ఆ భవనం పడమటి గదిలో, కరెంటు తీసేసి, మూడు గంటలసేపు సమావేశం జరపాలి. అజెండా వాళ్ళిష్టం, పారదర్శకత మీదే చర్చించుకోవచ్చు. సాయంత్రం అందరూ నడిచి బయటికొస్తే ఫైనల్ బిల్లు అక్కడికక్కడే పాస్ చేసేయొచ్చు. దినపత్రికలు మాత్రం లోపలికి తీసుకెళ్ళకూడదు.